ఇంట్లో తెలుగే మాట్లాడే పిల్లాడు అరబీ, దీనీ చదువుకి మదీనా, కైరో వెళ్లాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

వినుకొండ_అక్క
మా తమ్ముడు ఈ ఏడాదే ఇంటర్ ఎంపీసీ పాసయ్యాడు. ఇంజినీరింగ్ సీటు వచ్చేలానే ఉంది, కానీ వాడి మనసంతా అరబీ మీదే. ఖురాన్ చక్కగా చదువుతాడు, అర్థం తెలీదు. అర్థం తెలియాలి, హదీసు (ప్రవక్త మాటలు, పనుల ఉల్లేఖనాలు), ఫిఖ్‌హ్ (ఇస్లామీ ధర్మశాస్త్రం) ఒక పద్ధతిలో చదవాలి అంటాడు. మేం నూర్‌బాషా ముస్లింలం. ఇంట్లో, వీధిలో అంతా తెలుగే. ఉర్దూ వింటే సగం అర్థమవుతుంది, చదవడం రాయడం రాదు.

దగ్గర్లో ఉన్న మదరసాలో అడిగితే, ముందు ఉర్దూ నేర్చుకోవాలి, రెండు మూడేళ్లు పడుతుంది, అరబీ సంగతి ఆ తర్వాత చూద్దాం అన్నారు. ఇంకొకాయన ఫోన్ చేసి మదీనా యూనివర్సిటీలో సీటు ఇప్పిస్తాను, రెండు లక్షలవుతుంది అన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి నాన్న ఇదంతా మోసమే అని కూర్చున్నారు. వాడు ఎవర్నీ అడగడు, మొహమాటం. అందుకే నేను రాస్తున్నా. ఉర్దూ లేకుండా వెళ్లినవాళ్లు ఉన్నారా? వెళ్తే అక్కడ ఎలా ఉంటుంది? చదివొచ్చాక బతుకుతెరువు ఏంటి? తెలిసినవాళ్లు చెప్పండి.

కువైట్_మస్తాన్
రెండు లక్షలు అన్నవాడి నంబర్ ముందు బ్లాక్ చేయండి అక్కా. మదీనా ఇస్లామిక్ యూనివర్సిటీకి దరఖాస్తు ఆన్‌లైన్‌లో, పైసా ఖర్చు లేకుండా ఎవరిది వాళ్లే పెట్టుకోవాలి. సీటొస్తే చదువు, హాస్టల్ ఉచితం. నెలనెలా చేతి ఖర్చుకి కూడా వాళ్లే ఇస్తారు. మధ్యలో మనిషి అవసరమే లేదు.

పాతబస్తీ_కలం
డబ్బు సంగతి కువైట్ భాయ్ చెప్పింది నిజం. ఉర్దూ గురించి మదరసా వాళ్లన్న మాటను మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. మన దేశంలో ఆలిం (మత పండితుడు) కోర్సంటే దర్సె నిజామీ అనే మదరసా సిలబస్. కితాబు అరబీలో ఉన్నా ఉస్తాదు విడమరిచి చెప్పేది ఉర్దూలో. షర్హ్‌లు (వ్యాఖ్యానాలు), ఫత్వా సంపుటాలు చాలావరకు ఉర్దూలోనే దొరుకుతాయి. 1876 నుంచి నడుస్తున్న జామియా నిజామియా మదరసా హైదరాబాద్‌లోనే ఉండగా సరాసరి విదేశం ఎందుకు? ఇక్కడ పునాది గట్టిగా పడితే అక్కడ రాణిస్తాడు.

మదీనా_మాజీ
మాది కడప జిల్లా. మదీనాలో హదీస్ ఫ్యాకల్టీలో చదివాను. తెలిసినంత చెప్తాను.

1961లో పెట్టిన యూనివర్సిటీ అది. మొదట్నుంచీ విదేశీ విద్యార్థుల కోసమే, ఇప్పటికీ ఎక్కువమంది బయటి దేశాలవాళ్లే. అరబీ రాని పిల్లాడు నేరుగా ఫ్యాకల్టీలో కూర్చోడు. ముందు భాషా సంస్థలో, మేం మాహద్ అంటాం, నాలుగు స్థాయిలు చదవాలి. దాదాపు రెండేళ్లు. ప్రవేశ పరీక్ష బాగా రాస్తే పై స్థాయిలో వేస్తారు, పూర్తిగా వస్తే మాహద్ అక్కర్లేదు. ఆ తర్వాత నాలుగేళ్ల డిగ్రీ. షరీఆ, హదీస్, ఖురాన్, దావా-ఉసూలుద్దీన్ (ధర్మప్రచారం, మత మూలసూత్రాలు), అరబీ భాష, ఇవి పాత ఫ్యాకల్టీలు. ఖురాన్ ఫ్యాకల్టీకి మాత్రం మొత్తం హిఫ్జ్, అంటే కంఠస్థం, అయి ఉండాలి.

మాహద్‌లో మొదటి రోజు నుంచే ఉస్తాదు నోట అరబీ తప్ప ఇంకో భాష రాదు. మా తరగతిలో నైజీరియా, ఇండోనేషియా, అల్బేనియా, కిర్గిజిస్తాన్ పిల్లలుండేవాళ్లు. అందరికీ కలిపి తెలిసిన భాష ఒక్కటీ లేదు. ఉస్తాదు కలం పైకెత్తి "మా హాజా?" అంటాడు. "హాజా ఖలమున్" అనాలి. తలుపు దగ్గరికి వెళ్లి మళ్లీ అడుగుతాడు. మూడు నెలలు తిరిగేసరికి ఆ నైజీరియా కుర్రాడూ నేనూ క్యాంటీన్‌లో ఇంటి సంగతులు అరబీలోనే చెప్పుకునేవాళ్లం. అందుకని పాతబస్తీ భాయ్, అక్కడ ఉర్దూ పని తరగతి గదిలో లేదు. హాస్టల్‌లో హిందుస్తానీ, పాకిస్తానీ కుర్రాళ్లతో ఉంటే అదెలాగూ వచ్చేస్తుంది. నాకు ఉర్దూ సాఫీగా వచ్చింది మదీనాలోనే.

క్లాసుల కంటే ఎక్కువ ఇష్టంగా చెప్పాల్సింది సాయంత్రాల గురించి. యూనివర్సిటీ నుంచి మస్జిదె నబవీకి, అంటే ప్రవక్త మసీదుకి, బస్సులుంటాయి. సాయంత్రం మగ్రిబ్ నమాజు తర్వాత అక్కడ పెద్ద ఉస్తాదులు కుర్చీ వేసుకుని పాఠం చెప్తారు. హాజరు పట్టీ ఉండదు, పరీక్ష ఉండదు, ఎవరైనా కూర్చోవచ్చు. రాత్రి ఇషా నమాజు దాకా ఒక్కో హదీసు విప్పుతూ పోతుంటే లేవాలనిపించదు.

వయసు 17 నుంచి 25 లోపు. ఇంటర్ పాసై ఐదేళ్లు దాటకూడదు. పాస్‌పోర్టు, జనన ధ్రువీకరణ, ఇంటర్ మెమో, మెడికల్, మంచి నడవడి సర్టిఫికెట్, ఇద్దరు ఆలింల దగ్గర్నుంచి తజ్కియా, అంటే సిఫారసు ఉత్తరాలు కావాలి. జవాబు కోసం చాలా రోజులు ఎదురుచూడాలి. కొందరికి ఏడాది దాటినా ఏ కబురూ రాదు. కాబట్టి పిల్లాణ్ని ఖాళీగా ఇంట్లో కూర్చోబెట్టొద్దు.

రేపల్లె_భాయ్
ముకాఫా, అదే నెలనెలా చేతి ఖర్చు, ఎంత ఇస్తారు?

మదీనా_మాజీ
నేనున్నప్పుడు నెలకు 840 రియాళ్లు. ఏడాదికోసారి సెలవులకి ఇంటికొచ్చి వెళ్లడానికి టికెట్. తిండి క్యాంటీన్‌లో చవక. పొదుపుగా ఉండే కుర్రాళ్లు ఇంటికి కూడా పంపేవాళ్లు. ఎక్కువమంది డబ్బు మాత్రం కితాబులకే పోయేది.

వినుకొండ_అక్క
అన్నా, బీటెక్ పూర్తి చేసి వెళ్తే?

మదీనా_మాజీ
వాడిప్పుడు 17-18లో ఉంటే బీటెక్ అయ్యేసరికి ఇంటర్ పాసై నాలుగేళ్లవుతుంది, ఇంకో ఏడాది మిగులుతుంది. అంతదాకా ఎందుకమ్మా? ఇప్పుడే దరఖాస్తు పెట్టి ఇక్కడ డిగ్రీలో చేర్పించండి. ఖబూల్ (సీటు ఖాయమైన కబురు) వస్తే అప్పుడు ఆలోచించవచ్చు. మదీనా ఒక్కటే అని కూడా అనుకోవద్దు. 'స్టడీ ఇన్ సౌదీ' పోర్టల్‌లో మక్కా ఉమ్ముల్ ఖురా, రియాద్ ఇమామ్ యూనివర్సిటీ, కింగ్ సౌద్ యూనివర్సిటీ భాషా సంస్థ, అన్నీ చూడొచ్చు.

కైరో_తెలుగోడు
మదీనా అన్న చెప్పినదానికి పక్కన కైరో సంగతి పెడతాను, ఎందుకంటే రెండూ వేర్వేరు లోకాలు.

కైరోలో చదువంటే అజ్‌హర్ యూనివర్సిటీ. దానికి మూలమైన అజ్‌హర్ మసీదు క్రీ.శ. 970లో కట్టడం మొదలైంది. వైద్యం, ఇంజినీరింగ్ ఫ్యాకల్టీలు చేర్చి ఇప్పటి యూనివర్సిటీ రూపానికి తెచ్చిన చట్టం 1961లో వచ్చింది, మదీనా యూనివర్సిటీ పుట్టిన ఏడాదే. ఇక్కడ ఒక చిక్కుంది. మన ఇంటర్ మెమో పట్టుకెళ్తే నేరుగా షరీఆ ఫ్యాకల్టీలో చేర్చుకోరు. అజ్‌హర్ సెకండరీకి సమానమని వాళ్లు గుర్తించిన మదరసా సర్టిఫికెట్ ఉండాలి. దాన్ని ముఆదలా అంటారు. అది లేకపోతే భాషా కేంద్రంలో స్థాయిలు దాటి, విదేశీ విద్యార్థుల మాహద్‌లో (ఇక్కడ మాహద్ అంటే బడి) కింది తరగతుల నుంచి రావాలి. ఏళ్లు పడుతుంది. కాబట్టి పాతబస్తీ భాయ్ మాటలో బలం ఇక్కడ ఉంది. గుర్తింపున్న మదరసాలో చదివినవాడికి అజ్‌హర్ తలుపు తొందరగా తెరుచుకుంటుంది.

స్కాలర్‌షిప్ లేనివాళ్లు నస్ర్ సిటీలో, హయ్యె సాబె, హయ్యె ఆషిర్ వైపు నలుగురైదుగురు కలిసి ఫ్లాట్ తీసుకుంటారు. ఒకప్పుడు ఇది చవక ఊరు. 2024 మార్చిలో డాలర్‌కి 31 దగ్గరున్న పౌండు ఒక్కసారిగా 50 దాకా పడింది. ఇంటి నుంచి డబ్బు తెప్పించుకునేవాళ్లకి లాభమే అనిపిస్తుంది, కానీ ధరలూ అద్దెలూ దాని వెంటే పరిగెత్తాయి. విదేశీ అనగానే ఇంటి ఓనర్ రేటు మార్చేస్తాడు. వీసా పొడిగింపుకి అబ్బాసియా ఆఫీసులో తెల్లారకముందే లైన్లో నిలబడాలి.

ఇవన్నీ చెప్పాక కూడా కైరోనే ఎంచుకోమంటాను. మసీదు లోపల రువాఖుల్లో, అంటే స్తంభాల మండపాల్లో, జరిగే పాఠాలు ఉచితం. ఒక స్తంభం దగ్గర నహ్వ్‌లో (వ్యాకరణంలో) ఆజుర్రూమియా అనే పుస్తకం, ఇంకో పక్క షాఫియీ పద్ధతి ఫిఖ్‌హ్, అటు పక్క తజ్వీద్ (ఖురాన్ ఉచ్చారణ). మసీదు వెనక దర్బుల్ అత్రాక్ సందులో కితాబుల దుకాణాలు. నలుగురు కలిసి ఒక సెట్టు బేరమాడి కొని, జిల్దులు పంచుకుని చదివేవాళ్లం. పొద్దున్నే ఫూల్, తామియా శాండ్‌విచ్ తిని పాఠానికి పోతే మధ్యాహ్నం దాకా ఆకలుండదు.

రేపల్లె_భాయ్
కైరోలో మాట్లాడే అరబీ వేరే అంటారు కదా, నేర్చుకున్నది కలిసిపోదా?

కైరో_తెలుగోడు
వేరేనే. తరగతిలో ఫుస్‌హా, అంటే గ్రంథాల భాష, వీధిలో ఆమ్మియా, అంటే వాడుక భాష. జీమ్‌ని గ అంటారు, జమీల్ అని పిలిస్తే ఎవరూ తిరిగి చూడరు, గమీల్ అనాలి. ఖాఫ్ మింగేస్తారు. మొదటి నెల మైక్రోబస్‌లో ఎక్కడ దిగాలో చెప్పడానికి చెమటలు పడతాయి. కానీ టాక్సీవాడితో ఫుస్‌హా మాట్లాడితే ముచ్చటపడి "ఓహో షేక్!" అంటూ నవ్వుతూ జవాబిస్తాడు, వాడికి అర్థమవుతుంది. మొదటి ఏడాది ఫుస్‌హానే పట్టుకోవాలి, ఆమ్మియా దానంతటదే వస్తుంది.

నల్లమల_కుర్రాడు
మా సీనియర్లు 2011కి ముందు డమాస్కస్ వెళ్లేవాళ్లు. ఫుస్‌హా స్వచ్ఛంగా ఉండేది, ఖర్చు తక్కువ అని ఇప్పటికీ కళ్లు చెమర్చుకుంటారు. యుద్ధంతో ఆ దారి మూసుకుపోయింది.

తెలుగు_మాస్టారు
ఉర్దూ ముందా అరబీ ముందా అన్న చర్చలో నా మాట కూడా ఒకటి. కర్నూలు జిల్లాలో ముప్పై ఏళ్లకు పైగా తెలుగు చెప్పాను. రిటైరయ్యాక మనవడితో పాటు కూర్చుని అరబీ నేర్చుకుంటున్నాను.

తెలుగు వ్యాకరణం సరిగ్గా చదివిన పిల్లాడికి అరబీ నహ్వ్ కొత్తగా ఉండదు. మనకు విభక్తులున్నాయి, వాళ్లకు ఇఅరాబ్ ఉంది. కర్త అయితే మాట చివర ఉకారం, కర్మ అయితే అకారం, ముందు హర్ఫె జర్ర్ ('లో', 'నుంచి' లాంటి అర్థమిచ్చే మాట) వస్తే ఇకారం. ఇల్లు అనే మాటే బైతున్, బైతన్, బైతిన్ అవుతుంది. ఇంగ్లిషు మీడియం పిల్లలు ఇక్కడే బెంబేలెత్తిపోతారు. ప్రథమా విభక్తి, ద్వితీయా విభక్తి అని బడిలో వల్లెవేసినవాడు "ఇదా సంగతి" అనుకుని ముందుకు పోతాడు. ద్వివచనం అంటే భయం ఉంటే, ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్న పిల్లలకు అదీ తెలిసిందే. హ్రస్వం, దీర్ఘం తేడా, ద్విత్వం మన నాలుక మీద పుట్టుకతోనే ఉన్నాయి. కష్టమంతా అయిన్, పెద్ద హా, జాద్ లాంటి గొంతు, నాలుక అక్షరాలతోనే. వాటికి ఖురాన్ పఠనం నేర్పే ఖారీ సాబ్ దగ్గర కూర్చోవాల్సిందే, వేరే మార్గం లేదు.

కాబట్టి ఆ అబ్బాయికి అరబీని తెలుగులోనే చెప్పండి. మధ్యలో ఇంకో భాష గడప ఎందుకు దాటించాలి?

వినుకొండ_అక్క
మాస్టారూ, మా వాడు ఇంటర్‌లో సంస్కృతమే! మీ పోస్టు చూపిస్తే రాత్రి నుంచి రామః రామౌ రామాః పక్కన అరబీ మాటలు రాసుకుంటున్నాడు.

మలప్పురం_అల్లుడు
మాస్టారి మాటకు సాక్ష్యం కావాలంటే కేరళ రండి. మా అత్తగారి ఊరు మలప్పురం జిల్లా. అక్కడ సర్కారు బడుల్లోనే అరబీ టీచర్లుంటారు. పిల్లలు మలయాళంలోనే అరబీ నేర్చుకుంటారు, ఉర్దూ ఊసే ఉండదు. అక్కణ్నుంచి ఎంతమంది ఆలింలు వచ్చారో చూడండి. చెమ్మాడ్‌లోని దారుల్ హుదా అనే ఇస్లామీ విద్యాసంస్థ వాళ్లకి మన పుంగనూరులోనూ శాఖ ఉంది, కాకపోతే అది చిన్న పిల్లల్ని చేర్చుకునేది, ఇంటర్ అయినవాళ్లకి కుదరదు.

పాతబస్తీ_కలం
కేరళకి వందల ఏళ్ల ఏర్పాటు ఉంది. మలయాళంలో కితాబులున్నాయి, ఉస్తాదులున్నారు, పరీక్షలున్నాయి. తెలుగులో ఏముంది? ఆ అబ్బాయి రేపు తిరిగొచ్చాక ఒక మసలా (ధర్మ సందేహం) మీద సలహా కావాలంటే దేవ్‌బంద్ మదరసాకో, నిజామియాకో రాయాలి. ఏ భాషలో రాస్తాడు? ఉర్దూ తీసేస్తే మన ఉలమాతో, అంటే పండితులతో, బంధమే తెగిపోతుంది. నేను ఉర్దూ గొప్ప అని చెప్పడం లేదు, ఆ బంధం గురించి చెబుతున్నా.

పల్నాడు_ఇమాం
కలం భాయ్, మీ ఆవేదన నాకు అర్థమైంది. నేను తమిళనాడులోని ఉమరాబాద్ జామియా దారుస్సలాంలో చదివాను. 1924లో పెట్టిన పెద్ద మదరసా, ఆంధ్ర పిల్లలు ఎప్పుడూ ఉంటారు. ఉర్దూ అక్కడే నేర్చుకున్నా, దానివల్ల నాకు మేలే జరిగింది.

కానీ మా జమాత్, అంటే మసీదుకి వచ్చే జనం, సంగతి వినండి. శుక్రవారం నా ముందు కూర్చునేవాళ్లు మిర్చి కోతకి వెళ్లే కూలీలు, పరుపులు కుట్టేవాళ్లు, ఆటో నడిపేవాళ్లు. ఎవరికీ ఉర్దూ రాదు. నాకన్నా ముందు ఉన్న హజ్రత్ ఉర్దూలో బయాన్ (ప్రసంగం) చెప్పేవారు. ఎంతో ఇల్మ్ (జ్ఞానం) ఉన్న మనిషి. జనం తలలు వంచుకుని మర్యాదగా వినేవాళ్లు, ఒక్క ముక్కా అర్థమయ్యేది కాదు. నేను తెలుగులో మొదలుపెట్టిన మొదటి జుమాలో వారసత్వంలో ఆడపిల్లల వాటా గురించి చెప్పాను. నమాజు అయ్యాక ఒక ముసలాయన నా చెయ్యి పట్టుకుని, "ఇది ఇన్నేళ్లుగా ఉందా సాబ్? మా చెల్లెలికి నేనేమీ ఇవ్వలేదే" అని ఏడ్చాడు. ఆ వారంలోనే చెల్లెల్ని పిలిపించి ఇవ్వాల్సింది లెక్కగట్టి ఇచ్చాడు.

అందుకే ఈ అబ్బాయి లాంటి వాళ్లు కావాలి. అరబీ నుంచి నేరుగా తెలుగులోకి చెప్పగలిగేవాళ్లు. ఉర్దూ కూడా నేర్చుకోనీ, కానీ దాని పేరు చెప్పి మూడేళ్లు గుమ్మంలో నిలబెట్టొద్దు.

పాతబస్తీ_కలం
ఇమాం సాబ్, ఆ ముసలాయన సంగతి చదివాక వాదించాలనిపించడం లేదు. అరబీతో మొదలుపెట్టి, ఉర్దూ పక్కన నడిపించండి అంటే నాకు అభ్యంతరం లేదు. పూర్తిగా వదిలేయమంటే ఒప్పుకోను.

బర్కస్_కుర్రాడు
హైదరాబాద్‌లోని మా బర్కస్ వాళ్ల తాతలు నిజాం ఫౌజు కోసం యెమెన్‌లోని హజ్రమౌత్ నుంచి వచ్చినవాళ్లే. అక్కడి తరీమ్ ఊళ్లో దారుల్ ముస్తఫా దీనీ చదువుకి చాలా పేరున్న చోటు, ఇండోనేషియా కుర్రాళ్లు వేలల్లో వెళ్తారు. ఖర్చు తక్కువ, పొద్దస్తమానం చదువే. అటు ఎందుకు ఎవరూ చెప్పడం లేదు?

పాస్‌పోర్ట్_బాబాయ్
ఎందుకంటే వెళ్లకూడదు కాబట్టి నాయనా. యెమెన్ ప్రయాణంపై 2017లో భారత ప్రభుత్వం నిషేధం పెట్టింది. అనుమతి లేకుండా వెళ్తే పాస్‌పోర్టు స్వాధీనం చేసుకుంటారు. వేరే దేశం మీదుగా తీసుకెళ్తామని ఎవరైనా అంటే అసలు వినొద్దు. తాతల ఊరి మీద ప్రేమ వేరు, పిల్లాడి భవిష్యత్తు వేరు.

బర్కస్_కుర్రాడు
అర్థమైంది బాబాయ్. మా ఇంట్లోనూ ఇదే అంటారు.

నంద్యాల_నాన్న
నేను తండ్రి వైపు నుంచి మాట్లాడతా. ఆరేళ్లు చదివి వచ్చాక ఏం చేస్తాడు? తెలంగాణలో ఇమాంకి సర్కారు ఇచ్చే గౌరవ వేతనం నెలకి 5,000. జమాత్ ఇచ్చేది కలుపుకున్నా ఇల్లు గడుస్తుందా? ఇంజినీరింగ్ వదిలేసి వెళ్లమనడం నోటికి తేలికే. పెళ్లి సంబంధం వచ్చినప్పుడు అడుగుతారు చూడండి, అప్పుడు తెలుస్తుంది ఆ టెన్షన్.

ఆసుపత్రి_తర్జుమా
నంద్యాల అన్నా, మీ భయం న్యాయమైనదే, నాదీ అలాంటి ఇల్లే. నేను అరబీ ఎంఏ చేసి హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో తర్జుమా పని చేస్తున్నా. ఒమన్, ఇరాక్, సూడాన్ నుంచి రోగులు వస్తారు. డాక్టర్ చెప్పింది వాళ్లకి, వాళ్లు చెప్పింది డాక్టర్‌కి. నొప్పి ఎలా ఉందో వాళ్లు చెప్పే తీరు ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది, అది పట్టుకోవాలంటే భాష గట్టిగా రావాలి. ఇల్లు గడుస్తోంది. ఇంకా కంపెనీల్లో అరబీ కస్టమర్ సపోర్టు, అనువాదాలు ఉన్నాయి. యూజీసీ నెట్‌లో అరబీ ఒక సబ్జెక్టు, లెక్చరర్ దారి కూడా ఉంది. మానూ (ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీ), ఉస్మానియా, ఇఫ్లూ (ఇంగ్లిషు, విదేశీ భాషల యూనివర్సిటీ) మూడు చోట్లా అరబీ విభాగాలున్నాయి.

ఒక్కటి మాత్రం ముందే చూసుకోవాలి. అక్కడి డిగ్రీ ఇక్కడ చెల్లాలంటే సమానత్వ సర్టిఫికెట్ కావాలి. దీనిపై యూజీసీ 2025లో కొత్త నిబంధనలు తెచ్చింది. అవి చదివి, సిలబస్, మార్కుల పత్రాలన్నీ వచ్చేటప్పుడే అక్కడ ముద్ర వేయించుకుని తెచ్చుకోవాలి. తర్వాత తెప్పించుకోవడం నరకం.

నంద్యాల_నాన్న
ఈ సంగతులు ఎవరూ చెప్పరు. కృతజ్ఞతలు. మా చిన్నోడు కూడా ఇదే పాట పాడుతున్నాడు, అందుకే అడిగా.

గుంటూరు_చెల్లి
అందరూ తమ్ముళ్ల గురించే. అమ్మాయిలకి ఏమీ లేదా? నేను బీఎస్సీ పూర్తి చేశా, ఆన్‌లైన్‌లో అరబీ రెండు పుస్తకాలు అయ్యాయి.

దోహా_చదువరి
ఉంది చెల్లీ. ఖతార్ యూనివర్సిటీలో అరబేతరుల కోసం అరబీ కోర్సు ఉంది, అమ్మాయిలకి, అబ్బాయిలకి వేర్వేరుగా. సీటొస్తే స్కాలర్‌షిప్, హాస్టల్, టికెట్ వాళ్లవే. నేను అందులోనే చదివా. రియాద్‌లో అమ్మాయిల కోసమే ఉన్న ప్రిన్సెస్ నూరా యూనివర్సిటీలోనూ భాషా సంస్థ ఉంది. అజ్‌హర్‌లో అమ్మాయిల ఫ్యాకల్టీలు నస్ర్ సిటీలో ఉన్నాయి. మదీనాకి మన దగ్గర్నుంచి వెళ్లేది మాత్రం అబ్బాయిలే.

హాస్టల్ గురించి మీ అమ్మగారికి చెప్పండి: గేటు దగ్గర సంతకం పెట్టకుండా బయటికి పోనివ్వరు, బస్సు హాస్టల్ నుంచి క్లాసుకే తీసుకెళ్తుంది. మా అమ్మ నిద్రపోయింది ఆ మాట విన్నాకే. మా గదిలో బోస్నియా అమ్మాయి, చైనా అమ్మాయి, నేను. రాత్రి ముగ్గురం వంట చేసుకుంటూ అరబీలో దెబ్బలాడుకునేవాళ్లం. వ్యాకరణం అక్కడే కుదిరింది!

గుంటూరు_చెల్లి
అక్కా, ఇది చదివి అమ్మకి ఇప్పుడే ఫోన్ ఇచ్చా.

సత్తెనపల్లి_వలీ
ఎవరూ అనని మాట నేను అంటా. మదీనా వెళ్లొచ్చినవాళ్లు ఊళ్లోకి వచ్చి మీ నమాజు తప్పు, మీ ఫాతిహా తప్పు అని గొడవలు పెడతారు. మా మసీదు రెండు ముక్కలైంది. హనఫీ పద్ధతి పాటించే ఇంటి పిల్లాణ్ని అక్కడికి పంపేముందు ఆలోచించండి.

మదీనా_మాజీ
వలీ అన్నా, అలా చేసినవాళ్లు ఉన్నారు, కాదనను. అది చదువు నిండకముందే గొంతు పెంచడం వల్ల వచ్చేది. షరీఆ ఫ్యాకల్టీలో ఇబ్నె రుష్ద్ రాసిన బిదాయతుల్ ముజ్తహిద్ పాఠ్యపుస్తకం. ప్రతి మసలా మీదా ఏ ఇమాం ఏమన్నారు, ఎందుకన్నారు, ఏ హదీసుని ఎలా అర్థం చేసుకున్నారు అని ఒక్కొక్కటీ చెప్తుంది. దాన్ని మనసుపెట్టి చదివినవాడు పక్కవాడి నమాజుని వేలెత్తి చూపడు. మా నాన్న హనఫీ పద్ధతిలో చదువుతారు, నేను సెలవులకి వచ్చినప్పుడు ఆయన వెనకే నిలబడతాను.

సత్తెనపల్లి_వలీ
మీలా ఉంటే మాకూ గొడవ లేదు. తమ్ముడికి ఈ మాట కూడా చెప్పి పంపండి.

కైరో_తెలుగోడు
ఇందులో నాదో మాట. అజ్‌హర్‌లో నాలుగు మజ్‌హబుల్లో (ఫిఖ్‌హ్ పద్ధతుల్లో) ఏది కావాలంటే అది చదవొచ్చు, హనఫీ పిల్లాడు హనఫీ ఫిఖ్‌హే చదువుతాడు. ఇంట్లో పెద్దలకి ఆ బెంగ ఉంటే కైరో వైపు చూడండి.

నల్లమల_కుర్రాడు
మదీనా అన్నా, అక్కడి లైబ్రరీల్లో హైదరాబాద్ పుస్తకాలుంటాయట, నిజమేనా?

మదీనా_మాజీ
నిజం. హదీసు ఉల్లేఖకుల గురించి ఇబ్నె హజర్ రాసిన తహ్‌జీబుత్ తహ్‌జీబ్ చేతికిస్తూ మా ఉస్తాదు మొదటి పేజీ చూడమన్నారు. కింద "హైదరాబాద్ దక్కన్" అని అచ్చు. 1888లో మొదలైన దాయిరతుల్ మఆరిఫ్ అనే ప్రచురణ సంస్థ అచ్చేసింది. ఇప్పుడది ఉస్మానియా క్యాంపస్‌లో ఉంది. బైహఖీ హదీసు సంకలనం సుననుల్ కుబ్రా కూడా అక్కడ అచ్చయిందే. ఆరోజు తరగతిలో అరబ్బు పిల్లలు నా వైపు తిరిగి, మీ ఊరా అని అడిగారు. కడపవాణ్నయినా అవునన్నా.

అటెస్టేషన్_అనుభవం
అసలు పని గురించి. అరబ్బు దేశాల ఫారాల్లో పేరు నాలుగు ముక్కలుగా అడుగుతారు: తన పేరు, తండ్రి, తాత, కుటుంబం. మనకేమో టెన్త్ మెమోలో "షేక్" ముందుంటుంది, పాస్‌పోర్టులో అది ఇంటిపేరు గడిలో పడుతుంది, ఆధార్‌లో ఒట్టి "ఎస్." అని ఉంటుంది. మస్తాన్ వలీ ఒకచోట ఒకే మాట, ఇంకోచోట రెండు మాటలు. మా ఇంట్లో దస్తగిరి స్పెల్లింగు మూడు కాగితాల్లో మూడు రకాలు. పాస్‌పోర్టుకి వేసేముందే ఆధార్, టెన్త్ మెమో, జనన ధ్రువీకరణ, మూడూ ఒక్క అక్షరం తేడా లేకుండా చేయించండి. అసలు ఆలస్యమంతా ఇక్కడే.

సౌదీ 2022 చివర్లో అపోస్టిల్ (ఎంబసీ ముద్ర లేకుండానే చెల్లే ధ్రువీకరణ) ఒప్పందంలోకి వచ్చింది కాబట్టి ఆ దేశానికి విదేశాంగ శాఖ అపోస్టిల్‌తో పని సులువైంది. ఈజిప్టు కాగితాలకి నన్ను ఎంబసీ ముద్ర అడిగారు, దానికి సమయం వేరే పెట్టుకోండి. పోలీస్ క్లియరెన్స్ పాస్‌పోర్ట్ సేవా ద్వారానే. ముందే తీసేసుకోవద్దు, పాతదైతే మళ్లీ కొత్తది అడుగుతారు.

వినుకొండ_అక్క
మీ అందరికీ ఎలా చెప్పాలో తెలీడం లేదు. నాన్న ఈ పోస్టులన్నీ నాతో చదివించుకున్నారు. నంద్యాల అన్న ప్రశ్న, ఆసుపత్రి అన్న జవాబు రెండుసార్లు చదవమన్నారు. చివరికి ఒప్పుకున్నది ఇదీ: వాడు బీటెక్ కాకుండా గుంటూరులో డిగ్రీలో చేరతాడు, దాంతో పాటు అరబీ మొదలుపెడతాడు, సౌదీ పోర్టల్‌లో దరఖాస్తు పెడతాడు. ఉర్దూకి పల్నాడు ఇమాం సాబ్ ఆదివారాలు వస్తానన్నారు. ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి?

మదీనా_మాజీ
దురూసుల్ లుగతిల్ అరబియ్యా, మూడు భాగాలు. మదీనా బుక్స్ అంటే ఎవరైనా ఇస్తారు. రాసిన డాక్టర్ వి. అబ్దుర్రహీం గారు మన పక్క రాష్ట్రం వానియంబాడి మనిషి, 1933లో పుట్టారు, మదీనాలో బోధించారు, 2023లో పోయారు. ఈ దక్షిణాది మనిషి రాసిన పుస్తకాలతో ప్రపంచమంతా అరబీ నేర్చుకుంటోంది. ఒక్కో పాఠం చివరి అభ్యాసాలు రాయకుండా తర్వాతి పాఠానికి పోనివ్వొద్దు. మొదటి భాగం అయ్యాక నాకు ఒక పేజీ రాసి పంపమనండి, దిద్ది పంపిస్తా.

తెలుగు_మాస్టారు
నా మనవడూ అదే పుస్తకంలో ఉన్నాడు. శనివారం రాత్రుళ్లు వీడియో కాల్‌లో ముగ్గురం కలిసి అభ్యాసాలు చేద్దాం, తెలుగులో. గుంటూరు చెల్లి కూడా రావచ్చు.

గుంటూరు_చెల్లి
నేను వస్తా మాస్టారూ. ఇఅరాబ్ దగ్గరే ఆగిపోయా.

వినుకొండ_అక్క
వాడు ఇప్పుడే లింకు అడుగుతున్నాడు. అటెస్టేషన్ అన్నా, ఒక్క సందేహం: మా తాత పేరు హుస్సేనప్ప. ఫారంలో అలాగే రాయాలా, హుస్సేన్ అని రాయాలా?

అటెస్టేషన్_అనుభవం
నాన్న కాగితాల్లో తండ్రి పేరు ఏముందో చూడండి. హుస్సేనప్ప అని ఉంటే హుస్సేనప్పే రాయండి, ఒక్క అక్షరం మార్చొద్దు.